మైక్రోకంట్రోలర్ మీద శబ్దం: ఆర్టీఓఎస్‌తో ఆడియో పరికరాల తయారీ

నవీపేట్ బజారులో కిరాణా దుకాణం గల్లా మీద, నిజామాబాద్ గల్లీల్లో టీ కొట్టు ముందర, బోధన్ బస్టాండు దగ్గర పండ్ల బండి మీద ఇవాళ ఒక చిన్న డబ్బా ఉంటోంది. గిరాకీ ఫోన్‌తో క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి డబ్బు పంపగానే ఎంత వచ్చిందో ఆ డబ్బా తెలుగులో గట్టిగా చెబుతుంది. దుకాణదారు చేతిలో పని ఆపకుండా, ఫోను తీసి చూడకుండా లెక్క తెలుసుకుంటాడు. సౌండ్‌బాక్స్ అని పిలిచే ఈ డబ్బాలో విండోస్ లేదు, ఆండ్రాయిడ్ లేదు. అరచేతిలో పట్టే సర్క్యూట్ బోర్డు, దాని మీద ఒక చిప్పు, కొద్దిపాటి మెమరీ, ఒక స్పీకరు, ఒక బ్యాటరీ ఉంటాయి. ఆ చిప్పులో నడిచేది రియల్ టైమ్ ఆపరేటింగ్ సిస్టమ్, పొట్టిగా ఆర్టీఓఎస్.

ప్రాసెసరు, మెమరీ, బయటి తీగలతో మాట్లాడే పరికరాలు అన్నీ ఒకే చిప్పులో ఉంటే దాన్ని మైక్రోకంట్రోలర్ అంటారు. ల్యాప్‌టాప్‌లో మెమరీని గిగాబైట్లలో లెక్కిస్తే ఇక్కడ కిలోబైట్లలో లెక్కిస్తారు. విద్యార్థుల చేతుల్లో విరివిగా కనిపించే ఈఎస్‌పీ32 చిప్పునే తీసుకుంటే, షాంఘైకి చెందిన ఎస్‌ప్రెసిఫ్ కంపెనీ 2016లో విడుదల చేసిన ఈ చిప్పులో 240 మెగాహెర్ట్జ్ వేగంతో నడిచే రెండు కోర్లు, 520 కిలోబైట్ల ర్యామ్, వైఫై, బ్లూటూత్ ఉన్నాయి. కొన్ని వందల రూపాయలకు బోర్డు దొరుకుతుంది. పాట వినిపించడానికి, మాట రికార్డు చేయడానికి, శబ్దాన్ని గుర్తుపట్టడానికి ఇది చాలు. కాకపోతే ప్రోగ్రాం రాసే మనిషికి కాలం మీద పట్టు ఉండాలి. ఈ రంగంలో అసలు చదువు అదే.

శబ్దం ఎందుకు భిన్నం

వాతావరణం కొలిచే పరికరం ఒక రీడింగు అర సెకను ఆలస్యంగా పంపితే ఎవరికీ నష్టం లేదు. వీడియోలో ఒక ఫ్రేము తప్పినా కన్ను సర్దుకుంటుంది. చెవి అలా సర్దుకోదు. మాట మధ్యలో రెండు మూడు మిల్లీసెకన్ల ఖాళీ వచ్చినా టక్కుమని వినిపిస్తుంది. నున్నగా సాగే తరంగం ఉన్నట్టుండి తెగి సున్నాకు పడితే, ఆ తెగిన చోట అన్ని పౌనఃపున్యాలూ ఒక్కసారిగా పుడతాయి. మనం వినే క్లిక్కు అదే.

డిజిటల్ శబ్దం అంటే సెకనుకు ఇన్నిసార్లు అని తీసిన కొలతల వరుస. సీడీలో సెకనుకు 44,100 కొలతలు ఉంటాయి. పాత టెలిఫోన్ మాటకు 8,000 సరిపోయేవి. సౌండ్‌బాక్స్ లాంటి పరికరంలో మాట స్పష్టంగా వినిపించడానికి 16,000 బాగా సరిపోతాయి. అంటే ప్రతి 62.5 మైక్రోసెకన్లకు ఒక కొత్త సంఖ్య స్పీకరు వైపు వెళ్లాలి. వెళ్లి తీరాలి.

ఇక్కడ రెండు విషయాలను విడిగా చూడాలి. శబ్దం మొదలు కావడానికి పట్టే ఆలస్యం ఒకటి. మొదలయ్యాక తెగకుండా సాగడం ఇంకొకటి. డబ్బు వచ్చిన కబురు రెండు సెకన్లు ఆలస్యంగా వినిపించినా దుకాణదారు పట్టించుకోడు. "మూడు వం... దల" అని తెగితే మాత్రం ఆ పరికరం మీద నమ్మకం పోతుంది. ఫోను సంభాషణలో రెండూ ముఖ్యమే. ఒకవైపు ఆలస్యం 150 మిల్లీసెకన్లు దాటకుండా ఉంటే మంచిదని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ చెబుతుంది. గిటారు శబ్దాన్ని మార్చి వెంటనే వినిపించే పరికరంలోనైతే పది మిల్లీసెకన్లే వాయించేవాడి వేళ్లకు బరువవుతాయి. తమ పరికరం ఈ మూడింటిలో ఏ కోవకు చెందుతుందో ముందే తేల్చుకున్న వాళ్లు సగం పని పూర్తి చేసినట్టే.

ఆర్టీఓఎస్ చేసే పని

చిన్న పరికరాల్లో ఆపరేటింగ్ సిస్టమే లేకుండా ఒకే లూపులో అన్ని పనులూ చేయించడం పాత పద్ధతి. బటన్ చూడు, నెట్‌వర్క్ చూడు, శబ్దం నింపు, మళ్లీ మొదటికి రా. నెట్‌వర్క్ దగ్గర జవాబు కోసం 200 మిల్లీసెకన్లు ఆగిందంటే శబ్దం ఆకలితో ఉంటుంది. ఆర్టీఓఎస్‌లో ఈ పనులను వేర్వేరు టాస్కులుగా విడగొట్టి ప్రతి దానికీ ఒక ప్రాధాన్యం ఇస్తారు. పై ప్రాధాన్యం ఉన్న టాస్కు సిద్ధమైన మరుక్షణం కింది దాన్ని పక్కకు నెట్టి అది నడుస్తుంది. లినక్స్, ఆండ్రాయిడ్ లాంటివి సగటున అందరికీ న్యాయం చేయాలని చూస్తాయి. ఆర్టీఓఎస్ మాత్రం అత్యంత చెడ్డ సందర్భంలో కూడా పని ఎంతలోపు అవుతుందో ముందే చెప్పగలిగేలా ఉండాలని చూస్తుంది.

వీటిలో ఎక్కువగా వాడేది ఫ్రీఆర్టీఓఎస్. రిచర్డ్ బారీ 2003లో మొదలుపెట్టిన ఈ చిన్న కెర్నెల్ బాధ్యతను 2017లో అమెజాన్ తీసుకుంది. ఈఎస్‌పీ32కు ఎస్‌ప్రెసిఫ్ ఇచ్చే సాఫ్ట్‌వేర్ మొత్తం దీని మీదే నిలబడింది. విలియం లామీ 1997లో తెచ్చిన త్రెడ్‌ఎక్స్ మైక్రోసాఫ్ట్ చేతుల మీదుగా ఇప్పుడు ఎక్లిప్స్ ఫౌండేషన్‌కు చేరింది. లినక్స్ ఫౌండేషన్ 2016 నుంచి నడుపుతున్న జెఫిర్ కూడా బాగా పెరుగుతోంది. ఆర్టీఓఎస్ తప్పనిసరి అని కూడా చెప్పలేం. పాల్ స్టాఫ్రెగెన్ తయారు చేసిన టీన్సీ బోర్డుల ఆడియో లైబ్రరీ ఏ ఆర్టీఓఎస్ లేకుండానే, హార్డ్‌వేర్ పంపే ఇంటరప్టు సంకేతాల మీద ఆధారపడి, 128 కొలతల ముక్కలుగా సంగీతాన్ని చక్కగా నడుపుతుంది. పరికరంలో శబ్దం తప్ప మరో పెద్ద పని లేకపోతే ఆ దారి తేలిక. నెట్‌వర్క్, మెమరీ కార్డు, బ్యాటరీ, బటన్లు అన్నీ కలిసినప్పుడే ఆర్టీఓఎస్ విలువ తెలుస్తుంది.

ఐటూఎస్, డీఎంఏ, బఫరు

మైక్రోకంట్రోలరుకూ శబ్దపు చిప్పులకూ మధ్య కుదిరిన ఒప్పందం పేరు ఐటూఎస్. ఫిలిప్స్ కంపెనీ 1986లో దీన్ని ప్రకటించింది. మూడే తీగలు ఉంటాయి. ఒకటి బిట్లకు గడియారంలా లయ ఇస్తుంది, ఒకటి ఎడమ కుడి చానెళ్లను వేరు చేస్తుంది, ఒకటి సమాచారం మోస్తుంది. మ్యాక్స్98357ఏ అనే ఆంప్లిఫయర్ చిప్పుకు ఈ మూడు తీగలు, కరెంటు ఇచ్చి స్పీకరు తగిలిస్తే 4 ఓముల స్పీకరులో 3.2 వాట్ల దాకా శబ్దం వస్తుంది. వినడానికి ఐఎన్‌ఎంపీ441 లాంటి చిన్న మైకులు ఇదే పద్ధతిలో కలుస్తాయి. ఆ మైకు 24 బిట్ల సంఖ్యను 32 బిట్ల గడిలో ఎడమవైపుకు జరిపి పంపుతుంది. దాన్ని 16 బిట్లనుకుని చదివితే మాట బదులు గరగర వస్తుంది.

ప్రతి కొలతనూ ప్రాసెసరే మోయాలంటే వేరే పని జరగదు. అందుకే డీఎంఏ అనే విభాగం మెమరీ నుంచి ఐటూఎస్‌కు కొలతలను తనంతట తాను చేరవేస్తుంది. బోరు మోటారు నీళ్లు హౌజులో పడితే, కరెంటు వచ్చీ పోతున్నా హౌజు నుంచి కాలువ ఒకే ధారగా పారుతుంది. బఫరు చేసే పని అదే. హౌజు చిన్నదైతే కాలువ ఆగుతుంది. మరీ పెద్దదైతే మొదటి చుక్క పొలం చేరడానికి ఆలస్యమవుతుంది.

అంకెల్లో చూస్తే ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. ఈఎస్‌పీ32 సాఫ్ట్‌వేర్‌లో మామూలుగా ఉండే అమరిక ప్రకారం డీఎంఏకు 240 కొలతల ముక్కలు ఆరు ఉంటాయి. మొత్తం 1,440 కొలతలు. 16,000 వేగంతో అవి 90 మిల్లీసెకన్లకు సరిపోతాయి. అదే అమరికతో 44,100 వేగానికి వెళితే 33 మిల్లీసెకన్లు కూడా రావు. మాటను చక్కగా పలికించిన ప్రోగ్రాం పాట పెట్టగానే తెగడానికి చాలాసార్లు కారణం ఇదే.

ఇంకో ఉచ్చు టిక్ దగ్గర ఉంది. ఫ్రీఆర్టీఓఎస్ కాలాన్ని టిక్కుల్లో కొలుస్తుంది. ఈఎస్‌పీ32లో మామూలుగా సెకనుకు 100 టిక్కులు, అంటే ఒక్కొక్కటి 10 మిల్లీసెకన్లు. కొత్తగా రాసేవారు ఒక ముక్క నింపి, ఒక టిక్ ఆగి, మళ్లీ నింపుదామనుకుంటారు. 256 కొలతల ముక్క 44,100 వేగంతో 5.8 మిల్లీసెకన్లలో ఖర్చయిపోతుంది. టిక్ ముగిసేసరికి స్పీకరు ఖాళీగా ఉంటుంది. శబ్దపు టాస్కు టిక్కుల లెక్కతో నిద్రపోకూడదు. డీఎంఏలో చోటు ఖాళీ అయ్యేదాకా ఆగి, చోటు రాగానే లేవాలి. శబ్దపు గడియారమే ఆ టాస్కును నడపాలి.

బఫరు ఖాళీ అయినప్పుడు ఏం వినిపిస్తుందో కూడా ముందే ఎంచుకోవచ్చు. ఏమీ చెప్పకపోతే డీఎంఏ పాత ముక్కలనే తిప్పి తిప్పి పంపుతుంది. "రూ-రూ-రూ" అని ఇరుక్కుపోయినట్టు వినిపించే శబ్దం అందుకే వస్తుంది. ఆటో క్లియర్ అనే అమరిక పెడితే పాత ముక్కల బదులు సున్నాలు వెళ్తాయి, శబ్దం నిశ్శబ్దంగా ఆగుతుంది. ప్రజల మధ్య ఉండే పరికరంలో రెండోదే మేలు.

ఫ్లాష్ చేసే చాటు దెబ్బ

పుస్తకాల్లో తక్కువగా, వర్క్‌షాపులో ఎక్కువగా ఎదురయ్యే చిక్కు ఒకటుంది. ఈఎస్‌పీ32లో ప్రోగ్రాం బయటి ఫ్లాష్ మెమరీలో ఉంటుంది. అవసరమైనప్పుడు అక్కడి నుంచి చదువుకుంటూ నడుస్తుంది. అదే ఫ్లాష్ మీద ఏదైనా రాయాలన్నా, చెరపాలన్నా ఆ చదువు ఆగిపోవాలి. అప్పుడు రెండు కోర్లలోనూ ఫ్లాష్ నుంచి నడిచే టాస్కులన్నీ నిలబడిపోతాయి. 4 కిలోబైట్ల ఒక సెక్టారును చెరపడానికి మామూలు ఫ్లాష్ చిప్పుకు 45 మిల్లీసెకన్ల వరకు పడుతుంది. చెడ్డ సందర్భంలో 400 మిల్లీసెకన్లు కూడా పట్టవచ్చని చిప్పు తయారీదారుల పత్రాలే చెబుతాయి. మాట వినిపిస్తుండగా వాల్యూమ్ మార్పును సేవ్ చేసినా, కొత్త సాఫ్ట్‌వేర్ దిగుతున్నా శబ్దం తెగే ప్రమాదం ఇక్కడ ఉంది.

డీఎంఏ ర్యామ్ నుంచి తన పని తాను చేసుకుంటూనే ఉంటుంది కాబట్టి బఫరులో 90 మిల్లీసెకన్ల శబ్దం ఉంటే 45 మిల్లీసెకన్ల ఆటంకం వినబడదు. 400 మిల్లీసెకన్లకు మాత్రం ఏ చిన్న బఫరూ నిలవదు. అనుభవమున్న వాళ్లు వాల్యూమ్ లాంటి మార్పులను ర్యామ్‌లోనే ఉంచి, మాట పూర్తయ్యాక ఫ్లాష్‌లో రాస్తారు. సాఫ్ట్‌వేర్ అప్‌డేటును అర్ధరాత్రికి పెడతారు.

ఎవరు ముందు, ఎవరు వెనుక

ప్రాధాన్యాలు పంచడంలో తొందరపాటు పనికిరాదు. శబ్దమే ముఖ్యమని దానికి అన్నిటికంటే పెద్ద అంకె ఇస్తే వైఫై ఆగి కనెక్షన్ తెగుతుంది. ఈఎస్‌పీ32లో వైఫై టాస్కు ప్రాధాన్యం 23. అది మామూలుగా మొదటి కోరు మీద ఉంటుంది. శబ్దాన్ని రెండో కోరుకు కట్టేసి, 23 కంటే కాస్త తక్కువ ప్రాధాన్యం ఇచ్చి, మెమరీ కార్డు చదివే పనిని దాని కిందికి, జరిగినవాటి లాగ్ రాసే పనిని ఇంకా కిందికి దించడం చాలామందికి కుదిరిన పంపకం.

ప్రాధాన్యం తలకిందులైతే ఏమవుతుందో అంగారకుడి మీద తెలిసింది. 1997 జులై 4న దిగిన నాసా మార్స్ పాత్‌ఫైండర్ కొద్ది రోజుల తరవాత తనంతట తాను రీసెట్ అవడం మొదలుపెట్టింది. అందులో నడుస్తున్నది వీఎక్స్‌వర్క్స్ అనే ఆర్టీఓఎస్. తక్కువ ప్రాధాన్యమున్న ఒక టాస్కు ఉమ్మడి వనరుకు తాళం వేసుకుంది. ఎక్కువ ప్రాధాన్యమున్న టాస్కు ఆ తాళం కోసం ఆగింది. మధ్యస్థ ప్రాధాన్యమున్న టాస్కు వచ్చి తాళం పట్టుకున్నదాన్ని కదలనివ్వలేదు. ముఖ్యమైన పని గడువు దాటడంతో, గడువులకు కాపలా కాసే వాచ్‌డాగ్ మొత్తం వ్యవస్థను రీసెట్ చేసేది. తాళం పట్టుకున్న టాస్కుకు తాత్కాలికంగా పై ప్రాధాన్యం వచ్చేలా ఒక అమరికను భూమి నుంచే మార్చి ఇంజినీర్లు దాన్ని సరిచేశారు.

ఆడియో పరికరంలో ఇదే కథ చిన్నగా జరుగుతుంది. మెమరీ కార్డుకూ డిస్‌ప్లేకూ ఒకే తీగల జత ఉంటే, డిస్‌ప్లే టాస్కు తాళం వేసుకున్నప్పుడు పాట చదివే టాస్కు ఆగిపోతుంది. ఫ్రీఆర్టీఓఎస్‌లో మ్యూటెక్స్ అనే రకం తాళం వాడితే, దాన్ని పట్టుకున్న టాస్కుకు పై ప్రాధాన్యం వచ్చే ఆ వారసత్వం దానంతట అదే వస్తుంది. బైనరీ సెమాఫోర్ అనే మరో రకం వాడితే రాదు. ఈ రెండూ ఒకటేననుకునే విద్యార్థులు చాలామంది ఉన్నారు, ఉపాధ్యాయులు ఈ తేడా మీద ఒక తరగతి వెచ్చించడం న్యాయం.

సౌండ్‌బాక్స్ లోపల

యూపీఐ 2016లో వచ్చింది. పేటీఎం మొదలుపెట్టిన సౌండ్‌బాక్స్ పద్ధతిని తరవాత ఫోన్‌పే, భారత్‌పే, గూగుల్ పే అందుకున్నాయి. డబ్బు పంపినట్టు దొంగ స్క్రీన్‌షాట్ చూపించి సరుకు తీసుకుపోయే మోసాలకు ఈ డబ్బా గట్టి జవాబైంది. ఫోన్‌పే 2024లో మహేశ్ బాబు గొంతును తన స్మార్ట్‌స్పీకర్లలోకి తెలుగులో తెచ్చింది.

ఇలాంటి డబ్బాల్లో సిమ్ కార్డు ఉంటుంది. క్వెక్టెల్ తయారు చేసే ఈసీ200యూ లాంటి 4జీ మాడ్యూళ్లలో మోడెమ్ చిప్పులోనే ఆర్టీఓఎస్ మీద సొంత ప్రోగ్రాం నడుపుకోవచ్చు. వేరే మైక్రోకంట్రోలర్ కూడా అక్కర్లేదు. సర్వరు నుంచి డబ్బాకు కబురు చేర్చడానికి ఇటువంటి పరికరాల్లో ఎక్కువగా వాడే పద్ధతి ఎంక్యూటీటీ. ఆర్లెన్ నిప్పర్, ఐబీఎంకు చెందిన ఆండీ స్టాన్‌ఫర్డ్-క్లార్క్ కలిసి 1999లో చమురు పైపులైన్లను ఉపగ్రహం ద్వారా గమనించడానికి దీన్ని రూపొందించారు. నెట్‌వర్క్ బలహీనంగా ఉన్నచోట కొద్ది బైట్లతో పని నడిపించడం దాని బలం. గోదావరి ఒడ్డు పల్లెల్లో సిగ్నలు ఒక గీతకు పడిపోయే చోట కూడా పనికొచ్చే గుణం ఇది.

ఈ పద్ధతిలో కబురు కనీసం ఒకసారి తప్పక చేరుతుందనే హామీ ఎంచుకుంటే, అప్పుడప్పుడు అదే కబురు రెండుసార్లు చేరవచ్చు. డబ్బా రెండుసార్లు "అయిదు వందల రూపాయలు" అంటే దుకాణదారు రెండు చెల్లింపులు వచ్చాయనుకుంటాడు. అందువల్ల ఇటీవల పలికిన లావాదేవీల నంబర్లను గుర్తుపెట్టుకుని, మళ్లీ వచ్చినదాన్ని వదిలేసే చిన్న పట్టిక తప్పనిసరి. ఒకేసారి మూడు చెల్లింపులు వస్తే నెట్‌వర్క్ టాస్కు మూడింటినీ క్యూలో వేస్తుంది. శబ్దపు టాస్కు ఒకటి పూర్తయ్యాక ఇంకోటి తీసుకుంటుంది.

గొంతు ఎక్కడి నుంచి వస్తుంది? రాగల మొత్తాలన్నిటినీ ముందే రికార్డు చేసి పెట్టడం కుదరదు. రైల్వే స్టేషన్లలో బండి నంబరు, ప్లాట్‌ఫారం, ఊరి పేర్లను ముక్కలుగా రికార్డు చేసి అతికించి పలికిస్తారు. చిన్న పరికరంలోనూ చవకైన మార్గం అదే. తెలుగు అంకెలకు ఇందులో తమ సొంత నియమాలు ఉన్నాయి. వంద రూపాయలు అంటాం, నూట పది రూపాయలు అంటాం, రెండు వందల యాభై రూపాయలు అంటాం. ఒకే సంఖ్యకు వంద, నూట, వందల అని మూడు రూపాలు రికార్డు చేసుకోవాలి. వెయ్యి, వెయ్యిన్ని, వేల అన్నవి మరో మూడు. లక్ష, లక్షా, లక్షల అన్నవి ఇంకో మూడు. ఒక రూపాయి దగ్గర మాత్రమే ఏకవచనం. ఇరవై ఒక్క రూపాయలు అని "ఒక్క" చేరాలి, "ఒకటి" కాదు. పెళ్లి కట్నం 1,116 వస్తే "వెయ్యిన్ని ఒక వంద పదహారు" అని పలికే డబ్బాను చూసి ఇంటిల్లిపాదీ నవ్వుతారు. అది "వెయ్యిన్నూట పదహారు" అనాలి. 1,250ని సంతలో బేరగాళ్లు పన్నెండు వందల యాభై అంటారు. మేకల సంతకు పేరున్న నవీపేట్‌లో ఏ రూపం పలికించాలన్నది దుకాణదార్లనే అడిగి తేల్చుకోవలసిన విషయం. వాళ్లు అనే తీరునే డబ్బా అనడం ఉత్తమం.

1 నుంచి 99 దాకా ఒక్కో సంఖ్యనూ విడిగా రికార్డు చేస్తే అతుకులు తగ్గుతాయి. పై రూపాలన్నీ కలిపితే దాదాపు 115 ముక్కలు. ఒక్కోటి సుమారు 0.9 సెకన్లు అనుకుంటే మొత్తం వంద సెకన్ల పైచిలుకు. 16,000 కొలతలు, ఒక్కోదానికి 16 బిట్లు అంటే సెకనుకు 32,000 బైట్లు. వెరసి 3.3 మెగాబైట్లు. మామూలు ఈఎస్‌పీ32 మాడ్యూల్‌లో ఉండేదే 4 మెగాబైట్ల ఫ్లాష్, అందులో ప్రోగ్రాం కూడా ఉండాలి. ఏడీపీసీఎం అనే తేలికపాటి కుదింపుతో ఇది నాలుగో వంతుకు తగ్గి 0.8 మెగాబైట్లలో ఇముడుతుంది. ఎంపీ3 ఇంకా కుదిస్తుంది గానీ దాన్ని విప్పడానికి సుమారు 30 కిలోబైట్ల ర్యామ్ అడుగుతుంది.

ముక్కలు అతికించేటప్పుడు ప్రతి ముక్క ముందూ వెనకా ఉన్న నిశ్శబ్దాన్ని కత్తిరించాలి. లేకపోతే "రెండు... వందల... యాభై" అని బడి పిల్లాడు కూడబలుక్కున్నట్టు ఉంటుంది. ఒక ముక్క తోకనూ తరవాతి ముక్క తలనూ 5 మిల్లీసెకన్లు, అంటే 80 కొలతలు, ఒకదాని మీద ఒకటి కలిపి వేస్తే అతుకు వినబడదు. చివరిగా చిన్న స్పీకరు పలకలేని లోతైన స్వరాలను ఫిల్టరుతో ముందే తీసేయాలి. అవి వినబడవు, బ్యాటరీని మాత్రం తింటాయి, గట్టిగా పెట్టినప్పుడు గొంతును బొంగురు చేస్తాయి. సంతలో వినిపించేది ఎక్కువ వాట్లున్న స్పీకరు కాదు, హల్లులు స్పష్టంగా పలికే స్పీకరు.

పొలంలో శబ్దం

నిజాంసాగర్ ఆయకట్టు, బోధన్‌లో నిజాం చక్కెర ఫ్యాక్టరీ కలిసి ఈ ప్రాంతాన్ని చెరకు సీమ చేశాయి. ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. నీటి అవసరం తగ్గలేదు. నవీపేట్ మండలం కోస్లి దగ్గర గోదావరి నీటిని ఎత్తిపోసే అలీసాగర్ పథకం ఉంది, అయినా వరి, పసుపు మడులకు బోర్లు నడుస్తూనే ఉన్నాయి. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో సేద్యానికి 24 గంటల కరెంటు వచ్చాక, భూగర్భ జలాలు వృథా పోకుండా, కరెంటు రాగానే మోటారును దానంతట అదే నడిపే ఆటో స్టార్టర్లు తీసేయమని రైతులను కోరారు. ఇంటి నుంచే ఫోనుతో మోటారు వేసి ఆపే పరికరాల ఉపయోగం అక్కడ పెరుగుతుంది. బెంగళూరుకు చెందిన విన్‌ఫినెట్ చేసిన కిసాన్ రాజా ఈ కోవలో పేరున్నది. రైతు ఫోన్ చేస్తే అది అతని భాషలో మాట్లాడుతుంది, ఫోన్ అంకెలు నొక్కితే మోటారు వింటుంది.

ఆ అంకెల శబ్దం వెనుక చక్కటి గణితం ఉంది. ఫోనులో ఏ అంకె నొక్కినా రెండు స్వరాలు ఒకేసారి మోగుతాయి. 1 నొక్కితే 697, 1209 హెర్ట్జ్. మొత్తం ఎనిమిది స్వరాల్లో ఏ రెండు ఉన్నాయో కనుక్కుంటే చాలు. శబ్దంలోని అన్ని పౌనఃపున్యాలనూ లెక్కకట్టనవసరం లేదు. గెరాల్డ్ గోర్ట్‌జెల్ 1958లో ప్రచురించిన పద్ధతి ఒక్కో స్వరాన్నీ విడిగా కొలుస్తుంది, ప్రతి కొలతకూ ఒక గుణకారం సరిపోతుంది. 8,000 వేగంతో 205 కొలతల ముక్క తీసుకుంటే 25.6 మిల్లీసెకన్లు అవుతుంది. ఎనిమిది స్వరాలకు 1,640 గుణకారాలు. అతి చవక మైక్రోకంట్రోలర్‌కు కూడా ఇది భారం కాదు. 4జీ కాల్స్‌లో ఈ స్వరాలు శబ్దంగా కాక విడి సందేశంగా ప్రయాణిస్తాయి, మోడెమే అంకెను చెప్పేస్తుంది. పాత 2జీ పరికరాలు మారాల్సి వచ్చినప్పుడు ఈ భాగాన్ని మళ్లీ రాయాలి.

అడవి పందుల బెడద ఇంకొక అవసరం. మక్క, చెరకు చేలల్లో రాత్రిళ్లు కావలి ఉండలేని రైతులు బ్యాటరీ హ్యాండ్ మైకులో తమ అరుపులు రికార్డు చేసి తెల్లార్లూ మోగించడం తెలంగాణలో మామూలు దృశ్యం. హైదరాబాద్‌లోని ప్రొఫెసర్ జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో కూడా శబ్దంతో జంతువులను, పక్షులను తరిమే పరికరాల మీద పరిశోధన జరిగింది. ఒకే అరుపు ఒకే లయలో మోగుతుంటే జంతువులు కొన్నాళ్లకు అలవాటు పడతాయి. మైక్రోకంట్రోలర్ పెట్టిన పరికరం ఇక్కడే హ్యాండ్ మైకును మించుతుంది. పది రకాల శబ్దాలను వరుస మార్చి, విరామం మార్చి, గట్టిదనం మార్చి వినిపించగలదు. కదలిక పసిగట్టే సెన్సరు తట్టినప్పుడే లేవగలదు. మిగతా వేళల్లో గాఢ నిద్రలో ఉండి చిప్పు వరకు కొన్ని మైక్రో ఆంపియర్ల కరెంటుతో సరిపెట్టుకుంటుంది, చిన్న సోలార్ పలక దానికి చాలు. రైతు సొంత గొంతునే రికార్డు చేసే బటన్ ఒకటి పెడితే హ్యాండ్ మైకులోని ఆ సౌకర్యం కూడా ఇందులో ఉంటుంది.

హైదరాబాద్ నుంచి వచ్చిన చిప్పులు

ఈ రంగం మనకు బయటి నుంచి దిగుమతైనదే అనుకోవడం సరికాదు. వెంకట్ మట్టెల 2001లో స్థాపించిన రెడ్‌పైన్ సిగ్నల్స్ హైదరాబాద్‌లో ఇంజినీర్లను కూడగట్టి తక్కువ కరెంటుతో నడిచే వైఫై చిప్పులు చేసింది. అందులోని త్రెడ్‌ఆర్చ్ అనే ప్రాసెసర్ నాలుగు త్రెడ్లను హార్డ్‌వేర్‌లోనే పక్కపక్కన నడుపుతుంది. ఆర్టీఓఎస్ సాఫ్ట్‌వేర్‌తో చేసే పంపకాన్ని సిలికాన్‌లోకి దించిన ఆలోచన అది. 2020లో అమెరికా కంపెనీ సిలికాన్ ల్యాబ్స్ ఈ వైర్‌లెస్ వ్యాపారాన్ని 30.8 కోట్ల డాలర్లకు కొన్నది. ఆ తరవాత వచ్చిన ఎస్‌ఐడబ్ల్యూఎక్స్917 చిప్పుకు ఆ పనే పునాది.

చేతితో చేసి చూడాలనుకునే వాళ్లకు 2023లో రాయదుర్గంలో తలుపులు తెరిచిన టీ-వర్క్స్ ఉంది. నవీపేట్ నుంచి గోదావరి దాటితే వచ్చే బాసరలో 2008లో ఏర్పడిన ఆర్‌జీయూకేటీ ఉంది, పల్లె బడుల నుంచి వచ్చిన పిల్లలు అక్కడ ఎలక్ట్రానిక్స్ చదువుతున్నారు. బోరు స్టార్టరు, పందుల మైకు లాంటి పరికరాలు వాళ్ల ప్రాజెక్టుల్లోకి రావడం ఈ వ్యాస రచయిత గట్టిగా కోరుకునే విషయం. అవసరం ఎక్కడుందో వాళ్లకు తెలిసినంతగా బయటివాళ్లకు తెలియదు.

పలకడం నుంచి వినడానికి

ఇప్పటిదాకా చెప్పినదంతా ఎక్కువగా పలికించడం గురించి. మైక్రోకంట్రోలర్ మాటను గుర్తుపట్టడం ఇంకా కష్టం. చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో పుట్టిన రాజ్ రెడ్డి ఈ శాస్త్రానికి పునాది వేసిన వారిలో ఒకరు, 1994 ట్యూరింగ్ అవార్డు గ్రహీత. కార్నెగీ మెలన్‌లో ఆయన బృందం 1976లో తెచ్చిన హార్పీ వెయ్యి పైచిలుకు పదాలను గుర్తించేది. దానికి పెద్ద కంప్యూటరు కావలసి వచ్చింది. నేడు "అవును", "కాదు" లాంటి రెండు మాటలను గుర్తుపట్టే నాడీజాల (న్యూరల్ నెట్‌వర్క్) నమూనా ఇరవై కిలోబైట్లలో ఇముడుతోంది.

మాటను విశ్లేషించే తేలిక పద్ధతులూ ఉన్నాయి. స్వరతంత్రులు కొట్టుకునే క్షణాలను మాట నుంచి పట్టుకునే సున్నా పౌనఃపున్యపు ఫిల్టరు పద్ధతిని కె. శ్రీరామమూర్తి, బి. యజ్ఞనారాయణ 2008లో ప్రచురించారు. ఐఐఐటీ హైదరాబాద్‌లో దశాబ్దాలుగా తెలుగు మాట మీద జరుగుతున్న పరిశోధనకు యజ్ఞనారాయణ పెద్ద దిక్కుగా నిలిచారు. సున్నా పౌనఃపున్యపు ఫిల్టరు పద్ధతిలో లెక్కలు చాలా తేలికైనవి, చిన్న చిప్పులకు అమర్చుకోవడానికి అనువైనవి.

పరికరాన్ని లేపి పని చెప్పే తెలుగు మాటలకు నమూనాలు తయారు చేయాలంటే రకరకాల గొంతులు కావాలి. నిజామాబాద్, బోధన్ ప్రాంతపు తెలుగులో ఉర్దూ, మరాఠీ మాటలు కలిసి ఉంటాయి. "మోటారు బంద్ చెయ్" అనే రైతును "మోటారు ఆపు" అన్న మాటతో తర్ఫీదు చేసిన నమూనా గుర్తుపట్టదు. వృద్ధుల గొంతు, ఆడవాళ్ల గొంతు, ట్రాక్టరు మోత వెనుక వినబడే గొంతు అన్నీ అందులో ఉండాలి.

పరీక్ష

పూర్తయిన పరికరాన్ని బల్ల మీద అయిదు నిమిషాలు వింటే సరిపోదు. ఒకే స్వరం సాగే శబ్దాన్ని రాత్రంతా మోగించి, ఇంకో పరికరంతో రికార్డు చేసి, ఆ స్వరాన్ని ఫిల్టరుతో తీసేస్తే మిగిలేది క్లిక్కులే. వాటిని లెక్కపెట్టవచ్చు. అదే రాత్రి వైఫైని పదే పదే తెంచి కలపాలి, మెమరీ కార్డులో రాయించాలి, బ్యాటరీని చివరి దాకా పోనివ్వాలి. శబ్దపు టాస్కు ముక్క నింపడం మొదలుపెట్టినప్పుడు ఒక పిన్నును పైకి లేపి, పూర్తవగానే దించితే ఆసిలోస్కోపు తెర మీద ఆ టాస్కు ఎంతసేపు తీసుకుంటోందో కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. 16,000 వేగంతో 256 కొలతల ముక్కకు 16 మిల్లీసెకన్ల గడువు ఉంటే, 240 మెగాహెర్ట్జ్ చిప్పుకు అది 38 లక్షల సైకిళ్లకు పైమాట. అందులో సగానికి మించి వాడుతున్న ప్రోగ్రాం ఎండాకాలపు సంత రోజున ఎక్కడో తెగుతుంది. ప్రతి టాస్కు తనకు కేటాయించిన మెమరీలో, అంటే స్టాకులో, ఎంత మిగుల్చుకుందో ఫ్రీఆర్టీఓఎస్ చెప్పగలదు. ఆ అంకెను తెల్లవారి చూసి, మిగులు మరీ తక్కువగా ఉన్న టాస్కులకు స్టాకు పెంచిన తరవాతే పరికరాన్ని ఊళ్లోకి పంపుతారు.